లేని చీలిక

ప్రెస్సులో అతన్ని అందరూ 'అచ్చుతప్పులాయన' అనేవారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దుతున్నాడు. పాఠ్యపుస్తకాల నుంచి మందు సీసాల మీద అంటించే చీటీల దాకా ఏ కాగితమైనా అతని బల్ల మీదుగా వెళ్ళాల్సిందే. జారిపోయిన వత్తు గానీ, ఎక్కువైన దీర్ఘం గానీ అతని కంట పడకుండా పోయేది కాదు. బస్సెక్కితే టిక్కెట్టు మీది తప్పు కండక్టరుకు చూపించేవాడు. సబ్బు కొంటే పైకాగితం చదివి నిట్టూర్చేవాడు. "ఆ కళ్ళకి కాస్త సెలవివ్వండి బాబూ" అని భార్య విసుక్కునేది.

ఆదివారం మాత్రం ఆ కళ్ళకి వేరే పని ఉండేది. రైలుపట్టాల పక్కనున్న ఖాళీ స్థలంలో వారం వారం పాత సామాన్ల బజారు పెట్టేవారు. నేల మీద టార్పాలిన్లు పరిచి, తాళంచెవులు లేని తాళాలు, ఒంటి చెప్పులు, ఆగిపోయిన గడియారాలు, మూతలు పోయిన కూజాలు పోసేవారు. అతను వాటి వంక చూసేవాడు కాదు. అతనికి కావలసినవి వడ్రంగి పనిముట్లు. ఉలులు, రంపాలు, చెక్క నునుపు చేసే చిత్రికలు, కొయ్య చెక్కే బాడిసలు. ఎంత పాతవైతే అంత ఇష్టం. తుప్పు గీకి, నూనె రాసి, ముందు గదిలో గోడకి వరసగా తగిలించుకునేవాడు. పోనీ పని వచ్చా అంటే అదీ లేదు. గోడకి మేకు కొడితే మేకు కన్నా బొటనవేలే ఎక్కువ దెబ్బలు తినేది. పనితనం రాని మనిషికి పనిముట్ల మీద అంత మోజెందుకో అతని భార్యకి ఏనాడూ అర్థం కాలేదు. అతనికీ పూర్తిగా తెలియదు.

మేస్త్రి పరిచయమైందీ ఆ బజారులోనే. ఆరేళ్ళ కిందట అతను ఒక వెడల్పాటి ఉలిని ముచ్చటపడి చేతిలోకి తీసుకున్నప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమోయ్, అది కొనకు. దాని ఉక్కు అయిపోయింది. మిగిలింది వట్టి ఇనుమే."

తిరిగి చూస్తే డెబ్భైకి దగ్గరపడిన బక్కపల్చటి మనిషి. జీవితమంతా తలుపులూ బల్లలూ చేసి, ఇప్పుడు ఇంటి వెనక గదిలో కుర్చీలు బాగుచేసుకుంటూ కాలక్షేపం చేస్తున్న వడ్రంగి మేస్త్రి. పాతకాలం ఉలికి పల్చటి ఉక్కు పొర ఒకటి అతికించి ఉంటుందని, పదును నిలిచేది దాని మీదేనని, సానబెట్టగా సానబెట్టగా ఆ పొర అరిగిపోతే ఇక ఆ ఉలి దేనికీ పనికిరాదని ఆయన అక్కడే నిలబడి చెప్పాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే తిరిగారు. పేరు పెట్టి పిలవడం ఆయనకు అలవాటు లేదు. "ఏమోయ్ అచ్చుతప్పూ" అనేవాడు.

మంగళవారం సాయంత్రాలు మేస్త్రి అతని ఇంటికి వచ్చేవాడు. వరండాలో సానరాయి ముందేసుకుని, గోడ మీది ఉలులు ఒక్కొక్కటే దింపించి పదును పెట్టేవాడు. "పదును లేని ఉలిని గోడకి తగిలిస్తే దాన్ని అవమానించినట్టేనోయ్" అనేవాడు. అతని భార్య టీ ఇచ్చి, "అన్నయ్యగారూ, ఈయనకి ఇంత చాకిరీ చేస్తున్నారు, ఒక్క ముక్కాలిపీటైనా చేయడం నేర్పండి" అనేది. "ఆ చేతులకి ఎర్రసిరా పెన్నే ఎక్కువ చెల్లెమ్మా" అని ఆయన నవ్వేవాడు.

ఇద్దరి మధ్యా ఒకటే ఒప్పందం. ముందు ఎవరి చెయ్యి పడితే ఆ వస్తువు వాళ్ళది. ఆరేళ్ళలో దాని మీద ఒక్క పేచీ రాలేదు.

మేస్త్రి వెతుకుతున్నది ఒకే ఒక్క వస్తువు. గాడి చిత్రిక. తలుపు చట్రంలో పలక కూర్చోవాలన్నా, సొరుగు అడుగున బద్ద దూరాలన్నా చెక్క అంచు పొడవునా సన్నటి గాడి తీయాలి. దాని కోసమే చేసిన చిత్రిక అది. దానికి పక్కగా మరలు కోసిన రెండు కొయ్య చేతులు ఉంటాయి. ఆయన కుర్రతనంలో పనిచేసిన కార్ఖానాలో అలాంటిది ఒకటుండేది. యజమాని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. పని పడితే తీసిచ్చి, సాయంత్రం మళ్ళీ లోపల పెట్టేసేవాడు. "యాభై ఏళ్ళు గాడి తీశానోయ్. ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గర అడిగి తీసుకోవడం, లేదంటే రంపంతో, ఉలితో తంటాలు పడడం. ఒక్కటి నాదై ఉంటే..." అని అక్కడితో ఆపేసేవాడు.

గత రెండేళ్ళలో ఆయన కళ్ళకి శుక్లాలు ముదిరాయి. మనుషులు నీడల్లా కనిపించేవారు. అయినా బజారుకి రావడం మానలేదు. చేత్తో తడిమి వస్తువు మంచిదో కాదో చెప్పేసేవాడు. చేతికి అందని సంగతులు మాత్రం స్నేహితుణ్ణి అడిగేవాడు. పిడి రంగేమిటి, తుప్పు పైపైనే ఉందా, దాని మీద ముద్ర ఏముంది. "నా చేతులు, నీ కళ్ళు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి" అనేవాడు.

ఇలా ఉండగా ఒక ఆదివారం పొద్దున ఆ గాడి చిత్రిక కనిపించింది.

మగవాళ్ళ కోటు తొడుక్కుని, స్టూలు మీద కూర్చుని అమ్మే సామాన్లామె దగ్గర అది దొరికింది. పగిలిన లాంతర్ల పక్కన, ఒక పెట్టెలో. మేస్త్రి పెట్టెలో చెయ్యి పెట్టి తడుముతూ తడుముతూ ఒక్కసారిగా ఆగిపోయాడు. రెండు చేతులతో పైకి తీశాడు. కొయ్య మరల మీద వేళ్ళు నడిపించాడు. ఒక్క పన్ను కూడా విరగలేదు. బొటనవేలితో చివరి దాకా తడిమి, "ఇక్కడేదో కాలిన గుంట ఉంది. అదేం ఫరవాలేదు" అన్నాడు.

"ఇదేనోయ్. ఇదే. ఒకసారి చూడు, కొయ్య ఎక్కడైనా చీలిందేమో."

అతను చేతిలోకి తీసుకుని చూశాడు. పసుపుపచ్చటి నునుపైన కొయ్య, అంచుల్లో ఇత్తడి బిళ్ళలు, ముందువైపు చేసినవాడి ముద్ర ఒక్క అక్షరం కూడా అరగకుండా ఉంది. ముందు గదిలో రెండు పెద్ద చిత్రికల మధ్య గోడ మీద జానెడు ఖాళీ అతని కళ్ళ ముందు మెదిలింది. ఈయనకి చూపే సరిగ్గా లేదు, దీనితో ఏం గాడి తీస్తాడు అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించిందేమీ లేదు. నోట్లోంచి మాట బయటికొచ్చాక గానీ తను ఏమన్నాడో అతనికే తెలియలేదు.

"చీలింది మేస్త్రీ."

"చీలిందా? ఎక్కడ? నా వేలికి తగల్లేదే."

"వెంట్రుకవాసి ఉంది. వేలికి తెలీదు. బ్లేడు దూరేచోట మొదలై కిందిదాకా పోయింది. బిగిస్తే రెండు ముక్కలైపోతుంది."

మేస్త్రి చిత్రికని మళ్ళీ తీసుకుని, అతను చెప్పిన చోట గోటితో మెల్లగా గీకి చూశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"నువ్వు చూసి చెప్పావంటే అంతే" అన్నాడు మేస్త్రి చివరికి. నిద్రపోతున్న పిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టాడు. సామాన్లామె స్టూలు మీద నుంచి ఇద్దర్నీ చూస్తూనే ఉంది.

ఆ రోజు మేస్త్రి ఇంకేమీ చూడలేదు. పెందలాడే ఇంటికి పోదామన్నాడు. అతను చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ తర్వాత వెనక్కి వచ్చాడు. నడవలేదు, దాదాపు పరుగెత్తాడు.

"ఇందాక చీలిందన్నారుగా సార్?" అంది సామాన్లామె.

"ఊరికే... చూడ్డానికి పెట్టుకుందామని."

ఆమె దాన్ని పాత కాగితంలో చుట్టబోతూ ఆగింది. "ఎక్కడ చీలిందో కాస్త నాకూ చూపించండి. నా సామాను సంగతి నాకు తెలిసుండాలి కదా."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. అడిగినంతా ఇచ్చి, చుట్టిన కాగితం సరిగ్గా కట్టకముందే లాక్కున్నట్టు తీసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చాక గానీ అసలు చిక్కు తెలియలేదు. గోడకి తగిలించడానికి లేదు. మంగళవారం మేస్త్రి వస్తాడు. చూపు లేకపోయినా ఆయన చేతులు గోడ మీద ఒక్కొక్క పనిముట్టునీ తడుముతాయి. చివర కాలిన గుంట ఉండనే ఉంది. వేరేది దొరికిందని చెబుదామన్నా ఆ గుంట ఒప్పుకోదు. అందుకని దాన్ని దుప్పట్ల బీరువాలో, అన్నిటికన్నా అడుగున ఉన్న దుప్పటిలో చుట్టి దాచాడు.

మూడో రోజునే భార్య కనిపెట్టింది. "ఏమిటిది? చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు?"

"ఎండ తగలకూడదు దానికి."

"అయితే గోడ మీదున్నవన్నీ సవతి పిల్లలా?" అని నవ్వి ఆమె బీరువా మూసేసింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద కాసేపు అంటుకుని ఉండిపోయింది.

ఆ మంగళవారం మేస్త్రి వరండాలో కూర్చుని సానరాయి మీద నూనె చుక్కలు వేస్తూ అన్నాడు. "ఆ చీలిక గురించే ఆలోచిస్తున్నానోయ్. జిగురు పెట్టి రెండు రోజులు బిగించి ఉంచితే? పని చేయకపోయినా పోనీ. చేతిలో ఉంటుంది కదా."

దుప్పట్ల బీరువా అక్కడికి పదడుగులు కూడా లేదు. "జిగురు నిలవదు మేస్త్రీ" అన్నాడు. రెండో అబద్ధం మొదటిదాని కన్నా తేలిగ్గా వచ్చింది. అది తలుచుకున్నప్పుడల్లా తర్వాత చాలా రోజులు అతనికి అన్నం సహించేది కాదు.

భార్య ఇంట్లో లేనప్పుడు దాన్ని బయటికి తీసి చూసేవాడు. మొదటి రెండుసార్లు కొంచెం సంతోషంగానే అనిపించింది. ఆ తర్వాత దాన్ని చూస్తే గోటితో గీకుతున్న మేస్త్రి వేలే కనిపించేది. తీయడం మానేశాడు. ఇచ్చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. ఇవ్వాలంటే చెప్పాలి. చెప్పాలంటే ఆయన ముఖం చూడాలి. అక్కడికొచ్చేసరికి కాళ్ళు వెనక్కి లాగేవి.

రెండు నెలల తర్వాత మేస్త్రికి కళ్ళ ఆపరేషన్ జరిగింది. ముందు ఒకటి, తర్వాత రెండోది. బట్టల దుకాణంలో పనిచేసే కూతురు సెలవు పెట్టి దగ్గరుండి చేయించింది. కట్లు విప్పి, చుక్కల మందు గడువు కూడా అయ్యాక ఆయన మొదట వచ్చింది అతని ఇంటికే. గుమ్మంలో నిలబడి అతని ముఖంలోకి తేరిపార చూశాడు.

"ఏమోయ్ అచ్చుతప్పూ! రెండేళ్ళలో ఇంత ముసలాడివైపోయావా! గొంతు మాత్రం అలాగే ఉంచుకుని నన్ను మోసం చేశావు కదా!"

భార్య పడీపడీ నవ్వింది. మోసం అన్న మాట దగ్గర అతను కుర్చీ జరిపే వంకతో వెనక్కి తిరిగాడు.

"ఆదివారం బజారుకి పోదాం" అన్నాడు మేస్త్రి. "ఆ చీలిన చిత్రిక ఇంకా అక్కడే ఉంటుందేమో అడగాలి. చీలిందాన్ని ఎవరు కొంటారు? నా కళ్ళతో నేను చూసుకుని, వీలైతే అతుకు వేసుకుంటాను."

ఆదివారం అతను గంట ముందే వెళ్ళాడు. సామాన్లామె ఇంకా టార్పాలిన్ పరుస్తోంది.

"ఆ పెద్దాయన వచ్చి అడిగితే... ఎవరో బయటి ఊరివాళ్ళు కొనుక్కెళ్ళారని చెప్పాలి."

ఆమె నడుం నిలబెట్టి అతన్ని చూసింది. "సార్, నేను తుప్పు పట్టిన సామాన్లు అమ్ముకుంటాను. తుప్పు పట్టలేదని ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. మీ పేరు నేనుగా తీయను. అంతకు మించి నన్నడక్కండి."

అతను ఆమె వంక చూడలేక, కింద పోసిన తాళాల్ని చూస్తూ తల ఊపాడు. తన కన్నా పదేళ్ళు చిన్నది. చదువుకున్నది కాదు. ఆమె ముందు బెంచీ ఎక్కించి నిలబెట్టిన పిల్లాడిలా నిలబడ్డాడు.

మేస్త్రి వచ్చాడు. కొత్త చూపుతో అన్నీ వింతే ఆయనకి. ఈ కూజా ఇంత నీలంగా ఉందా, ఈ గొడ్డలి పిడికి ఎవరో పువ్వులు చెక్కారు చూశావా, అంటూ అడుగడుగునా ఆగుతూ సామాన్లామె దగ్గరికి చేరాడు.

"అమ్మాయ్, ఆ గాడి చిత్రిక ఉందా?"

"అమ్ముడైపోయింది పెద్దాయనా."

"చీలిందని చెప్పే ఇచ్చావా పాపం?"

ఆమె అబద్ధం చెప్పనంది, చెప్పలేదు. "చీలికేముంది దానికి? నా చేతులతో తుడిచి పెట్టాను. గీత కూడా లేదు."

మేస్త్రి మెల్లగా తిరిగి స్నేహితుణ్ణి చూశాడు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాడు అతను. నాలుక మీద ఉన్నది వేరే మాట.

"నాకు... నాకలా కనిపించింది మేస్త్రీ."

మేస్త్రి ముఖంలో అనుమానం రాలేదు. దిగులొచ్చింది. దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమిటి?"

"కళ్ళు ఇలా లేని గీతలు చూపించడం. నాకూ మొదట ఇలాగే ఉండేదోయ్. దీపం చుట్టూ వలయాలు, తెల్ల గోడ మీద గీతలు. చెప్పకుండా దాచుకున్నాను. అదే తప్పయింది. నువ్వు దాచుకోకు. చిత్రిక పోతే పోయింది, వెధవ చిత్రిక. నీ బతుకంతా కళ్ళ మీదే ఉంది."

అతను కాదనలేదు. అవుననీ అనలేదు. సామాన్లామె అటు తిరిగి ఒక సుత్తి పిడిని గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడుస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత వారం రోజులూ అతని పరిస్థితి చెప్పనలవి కాదు. మేస్త్రి అతని భార్యకి ఫోన్ చేసి చెప్పాడు. "నాతో ఒక్కమాటైనా అనలేదేం?" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బల్ల మీది దీపం మార్చి పెద్దది పెట్టింది. పేపరు తనే చదివి వినిపించసాగింది. మేస్త్రి కూతురు తండ్రి ఆపరేషన్ రోజుల్లో తెలిసిన నర్సుని పట్టుకుని, నెల రోజులు పట్టే డాక్టరు చీటీని నాలుగు రోజుల్లో తీయించింది. ఒక్క అబద్ధం కోసం ఇంతమంది పరుగులు పెడుతుంటే అతను నోట్లో నాలుక లేనివాడిలా అందరికీ తల ఊపుతూ వచ్చాడు. డాక్టరు ముందు అక్షరాలు తప్పు చదివితే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాడు. అలా ఆలోచించినందుకు మళ్ళీ తనని తనే తిట్టుకున్నాడు.

కళ్ళ ఆసుపత్రిలో పొడవాటి హాలు. వరసగా కుర్చీలు. మేస్త్రి అతని సంచీ ఒళ్ళో పెట్టుకుని, పక్కనే కూర్చున్నాడు. "భయపడకు. నొప్పేమీ ఉండదు. చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అని ధైర్యం చెబుతున్నాడు. అతనికి ఆ ధైర్యం వినడమే కష్టంగా ఉంది. తప్పించుకోవడానికి కళ్ళు ఎదుటి గోడ మీదికి పోయాయి. హాలు ఆ చివర, కిటికీ పక్కన రోగులకి సూచనలు రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. పై నుంచి కిందికి గబగబా చదివేశాడు. అట్టడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న చివరి వరస దగ్గర ఫక్కున నవ్వొచ్చింది.

"చూశారా మేస్త్రీ, ఎలా వేశారో! 'చుక్కలు వేసిన తరువాత కాళ్ళు నలపరాదు' అట! 'కళ్ళు'కి దీర్ఘం పెట్టేశాడు మహానుభావుడు."

మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే అటు చూశాడు. కళ్ళు చికిలించి చూశాడు. తర్వాత లేచి, సంచీ చేత్తో పట్టుకునే హాలంతా నడిచి ఆ కాగితం దగ్గరికి వెళ్ళాడు. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి చదివాడు. అక్కడే చాలాసేపు నిలబడ్డాడు, వీపు ఇటు పెట్టి. ఆ వీపుని చూస్తుంటే, నోరు జారి తను ఏం బయటపెట్టుకున్నాడో అతనికి అర్థమైంది.

మేస్త్రి తిరిగొచ్చి కూర్చున్నాడు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ చిత్రిక ఎక్కడుంది?"

"ఇంట్లో. దుప్పట్ల కింద."

అంతలో నర్సు పిలిచింది. అతను కదల్లేదు. "వెళ్ళిపోదాం మేస్త్రీ" అన్నాడు.

"మా అమ్మాయి ఎవరెవర్నో బతిమాలి చీటీ తీయించింది. లోపలికెళ్ళి చూపించుకుని రా."

వెళ్ళాడు. గడ్డం ఒక ఇనప కమ్మీ మీద ఆనించి కూర్చున్నాడు. డాక్టరు దీపం వేసి, అటూ ఇటూ చూసి, మెచ్చుకున్నాడు. ఈ వయసులో ఇంత శుభ్రమైన కళ్ళు అరుదు, అదృష్టవంతులు మీరు అన్నాడు. అతను బయటికొచ్చేసరికి మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. సంచీ అతని చేతిలో పెట్టి, ఏమన్నారని కూడా అడగకుండా, బస్సు కోసం ఆగకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్రెస్సుకి సెలవు పెట్టి, చిత్రికని దుప్పటిలోంచి తీసి సంచీలో వేసుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. కూతురు తలుపు తీసింది.

"రండి బాబాయ్. కళ్ళు భేషుగ్గా ఉన్నాయటగా! నాన్న చెప్పారు. ఎంత భయపడ్డామో. మీరు లేకపోతే ఆ రెండేళ్ళు నాన్న గడప దాటేవారు కాదు."

అంటే ఆయన కూతురికి కూడా చెప్పలేదు. అతనికి అక్కడికక్కడే వెనక్కి తిరిగి పోదామనిపించింది.

వెనక గదిలో మేస్త్రి ఒక కుర్చీ కాలు బిగిస్తున్నాడు. తలెత్తి చూసి, చెక్కపొట్టు దులిపి స్టూలు ముందుకి జరిపాడు.

"కూర్చోండి."

ఆరేళ్ళలో ఆయన నోట అతను ఎన్నడూ వినని మాట అది. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. కూర్చోలేదు. సంచీలోంచి చిత్రిక తీసి బల్ల మీద పెట్టాడు. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"తప్పు చేశాను మేస్త్రీ."

"ఎందుకు చేశారు?"

నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. అతనికి ఒకటే కారణం దొరికింది. "గోడ మీద... కాస్త ఖాళీ ఉంది" అన్నాడు. అన్నాక, అది ఎంత చిన్న కారణమో ఆ గదిలో ఇద్దరికీ వినిపించింది.

మేస్త్రి చిత్రికని చేతిలోకి తీసుకున్నాడు. "నాకూ కావాలని మీరు అని ఉంటే పోట్లాడేవాణ్ణి. నీకెందుకోయ్ అని ఆ బజారు నడిబొడ్డున అరిచేవాణ్ణి. ఆ పోట్లాట బాగుండేది. నా వేలు సరిగ్గానే చెప్పింది. నేను నా వేలిని నమ్మలేదు." చిత్రికని తిప్పి చూస్తూ, "ఇది ఉంచుకుంటున్నాను. మీరిచ్చారని కాదు. మంచి పనిముట్టు దుప్పట్లో ఉండకూడదు" అన్నాడు.

బ్లేడు తీసి సానరాయి మీద నాలుగుసార్లు లాగాడు. ఒక చెక్క ముక్కని బల్లకి బిగించి, చిత్రికని దాని అంచుకి ఆనించి, ముందుకి తోశాడు. సన్నటి చెక్క పొర ఉంగరంలా చుట్టుకుంటూ పైకి లేచింది. రెండోసారి, మూడోసారి. గాడి తిన్నగా, లోతుగా దిగుతోంది. ఆయన పెదవులు బిగించి, తల ఒక పక్కకి వాల్చి, ఇక గదిలో ఎవరూ లేనట్టే పనిలో పడిపోయాడు. అతను ఇంకాసేపు నిలబడ్డాడు. ఆ సంతోషాన్ని చూసే హక్కు తనకి లేదనిపించి, చప్పుడు కాకుండా బయటికి వచ్చేశాడు.

మంగళవారాలు మేస్త్రి రావడం మానేశాడు. "అన్నయ్యగారు రావడం లేదేం?" అని భార్య అడిగితే పని ఎక్కువగా ఉందట అన్నాడు. ఆదివారాలు బజారుకి కొన్ని వారాలు వెళ్ళలేదు. తర్వాత వెళ్ళాడు గానీ ఏమీ కొనబుద్ధి కాలేదు.

వర్షాకాలం మొదలైన కొత్తల్లో ఒక సాయంత్రం భార్యతో కలిసి కూరగాయలు కొనుక్కుని వస్తుంటే మేస్త్రి ఎదురుపడ్డాడు. గొడుగు పక్కకి వంచి ఆగాడు. ఆమెని చూసి ఎప్పటిలాగే నవ్వాడు. "ఏం చెల్లెమ్మా, మోకాలి నొప్పి తగ్గిందా?" అన్నాడు. అతని వైపు తిరిగి, "మీరు బాగున్నారా?" అన్నాడు మర్యాదగా. బాగున్నానన్నాడు అతను. మేస్త్రి తలూపి వెళ్ళిపోయాడు.

ఆమె నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"అదేమిటి, ఆయన మిమ్మల్ని మీరు అంటున్నారు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. పెద్దవాళ్ళయ్యాంగా అనొచ్చు. అతను కూరగాయల సంచీ రెండో చేతికి మార్చుకుని, ఆ దుకాణం చూరు కిందే నిలబడి, మొదటి నుంచీ చెప్పాడు. పెట్టెలో చిత్రిక దొరకడం, గోటితో గీకిన వేలు, బస్సు మలుపు తిరిగేదాకా తను నిలబడడం, పరుగెత్తడం. సామాన్లామెని అబద్ధం చెప్పమని అడగడం. ఏదీ తగ్గించలేదు. దారిన పోయేవాళ్ళు వింటున్నారేమోనని గొంతు కూడా తగ్గించలేదు.

ఆమె చివరిదాకా విన్నది. ముఖం ఎర్రబడింది. తను చదివి వినిపించిన పేపర్లు, మార్చిన దీపం గుర్తొచ్చి ఉంటాయి.

"నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?"

"సిగ్గేసింది."

"మరి ఇప్పుడు వెయ్యట్లేదా?"

"ఇప్పుడూ వేస్తోంది" అన్నాడు అతను.

ఆమె ముందు నడిచింది. ఇంటికి చేరేదాకా అతను రెండడుగులు వెనకే నడిచాడు.